తిరుగ చెప్పిన కథ



ముప్పది రెండేండ్లు పిల్లలకు తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్న బడిపంతులు అమెరికావారి ఆకాశనౌకల కథనుగూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. నాకును వింతగానే యున్నది. కారణము చెప్పెదను.

గడచిన వేసవిలో మా దౌహిత్రుడు సెలవులకు వచ్చి, నడిమింటిలో కూర్చుండి ఏదో ధారావాహిక నాటకము చూచుచుండెను. నేను వసారాలో మంచముమీద పడుకొని యుంటిని. మిట్టమధ్యాహ్నము. హఠాత్తుగా గాయత్రీమంత్రము చెవిని బడెను. లేచి పోయి చూచితిని. తెరమీద నక్షత్రములు, మంటలు, ఇనుప బొమ్మలు! "ఇదేమి అపచారమురా?" అని కసరితిని. వాడు తడబడలేదు. "తాతయ్యా, ఇది బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా. దీని మొదటి పాటలోనే ఈ మంత్రం ఉంటుంది. కూర్చో, చెప్తాను" అనెను.

కూర్చుంటిని. కథకంటె ఆ కథను చూచినవారి తగవు నాకు ఎక్కువ రుచించినది. ఆ తగవే నేటి ప్రసంగవిషయము.

ఈ కథను మొదట గ్లెన్ లార్సన్ అనువాడు కల్పించెను. 1978లో అమెరికా టెలివిజనులో ప్రసారమైనది. పండ్రెండు లోకములలో మనుష్యులు కాపురముందురు. సైలానులను యంత్రజాతి ఆ లోకములను ఒక్కపెట్టున నాశనము చేయును. చావగా మిగిలినవారు గెలాక్టికా యను యుద్ధనౌక వెంట, ఎచ్చటనో యున్నదని వినికియైన భూలోకమును వెదకుచు పోవుదురు. ఆ లోకముల పేర్లన్నియు ద్వాదశరాశులనుండి పుట్టినవే. మకరమునుండి క్యాప్రికా, వృశ్చికమునుండి స్కార్పియా. పంచాంగము తెలిసినవారికి ఈ భాగము సులభము. ధారావాహికము మరుసటి సంవత్సరమే ఆగిపోయినది. 1980లో వచ్చిన అనుబంధము కూడ నిలువలేదు. అయినను చూచినవారు మరువలేదు. ఇరువదియేండ్లకు పైగా కొనసాగింపుకొరకు కాచుకొని కూర్చుండిరి. అపోలో యను వీరుని పాత్ర ధరించిన రిచర్డ్ హాచ్ అను నటుడు, ఇట్లు కొనసాగింపవచ్చునని చూపుటకై ఒక చిన్న చిత్రమును తానే పూనుకొని తీయించెను.

2003 డిసెంబరులో కథ వచ్చినది. కాని కొనసాగింపు కాదు. రొనాల్డ్ మూర్, డేవిడ్ ఐక్ అను ఇరువురు పాత కథను పునాదివరకు విప్పి తిరుగ కట్టిరి. దీనినే వారు రీబూటు అందురు. కంప్యూటరును ఆర్పి మరల వెలిగించుటకు వాడు మాట ఇది. పాత కథలో సైలానులు వేరొక ప్రాణిజాతి చేసిన ఇనుప భటులు. క్రొత్త కథలో మనుష్యులే తమ చాకిరికొరకు వానిని చేసికొనిరి, అవి తిరుగబడినవి, నలువదియేండ్ల పిమ్మట మనుష్యరూపములో వచ్చినవి. వానిలో పండ్రెండు మూసలు. ఒక్కొక్క మూసకు లెక్కలేనన్ని ప్రతులు. కొందరికి తాము యంత్రములమని తమకే తెలియదు. ఒకడు చచ్చినచో వాని జ్ఞాపకము మరియొక దేహములో మేల్కొనును. మనకు పరకాయప్రవేశము క్రొత్త కాదు గదా!

ఇంతవరకు ఓర్చినవారు కూడ ఒకచోట ఓర్వలేకపోయిరి. స్టార్‌బక్ అను యుద్ధవైమానికుడు పాత కథలో పురుషుడు. చుట్ట త్రాగును, జూదమాడును. క్రొత్త కథలో స్త్రీ! ఆమెయు చుట్ట త్రాగును, జూదమాడును. పాత అభిమానులు మండిపడిరి. ఆ పాత్రను మొదట ధరించిన డర్క్ బెనెడిక్ట్ అను నటుడు క్రొత్త కల్పనను నిందించుచు పెద్ద వ్యాసమే వ్రాసెను. హాచ్ మొదట ఎదిరించియు, తరువాత మెత్తబడి, క్రొత్త కథలో టామ్ జారెక్ అను వేరొక పాత్రను, అదియు కుటిలుని పాత్రను, ధరించి మెప్పుపొందెను. 2005 సంవత్సరమునకు ఆ ధారావాహికమునకు పీబడీ బహుమానము వచ్చినది.

కథను మార్చుట తప్పా? ఇచ్చట నా తప్పొకటి చెప్పవలసి యున్నది. చాల యేండ్ల క్రిందట మా యూరిలో ఒక పడుచువాడు శకుంతల నాటకము వ్రాసి ఆడించెను. అందు ఉంగరము లేదు, దుర్వాసుని శాపము లేదు. రాజు తెలిసియే భార్యను ఎరుగనని బొంకెను. పెద్దలు లేచి, "పురాణమును చెరచినాడు" అని కేకలువేసి నాటకమును ఆపించిరి. నిజమునకు ఆ పిల్లవాడు వ్యాసునే అనుసరించినాడు. నన్నయగారి ఆదిపర్వములోను శాపము లేదు. శాపమును చేర్చినవాడు కాళిదాసు. ఆ సంగతి ఆ సభలో తెలిసినవాడను నేనొక్కడనే. అయినను పెద్దలయెదుట నోరు మెదపనైతిని. వారు తిరుగ చెప్పిన కథను మూలమనుకొని, మూలమును తప్పనిరి.

ఇతివృత్తము ప్రఖ్యాతమనియు ఉత్పాద్యమనియు మిశ్రమనియు మూడు విధములని మన లాక్షణికులు చెప్పిరి. ప్రసిద్ధ కథయందును రసమునకు పొసగనిదానిని విడిచి వేరొకటి కల్పింపవచ్చునని ఆనందవర్ధనుడు సెలవిచ్చెను. కావున స్టార్‌బక్ స్త్రీ యగుటచేత కథ చెడలేదు. నాలుగు సాయంకాలములు చూచితిని. ఆ పాత్రయే నాటకమునకు ఊపిరి. ఈ వాదములో పాతవారు ఓడిరని నా తీర్పు.

రెండవ వాదములో మాత్రము నేను చూచువారి పక్షము. పెక్కు భాగములకు ముందు తెరమీద సైలానులనుగూర్చి కొన్ని మాటలు కనబడును: మనుష్యులు చేసినారు, తిరుగబడినవి, పెక్కు ప్రతులున్నవి, వారికొక పథకమున్నది, అని. పథకమనగానే చూచువాడు లెక్కలకు దిగును. మూసలలో ఒకటి మొదలు ఆరు వరకును, ఎనిమిదియు కనబడినవి. ఇవి ఏడు. మరుగుననున్నవారు ఐదుగురు. మొత్తము పండ్రెండు సరి. మరి ఏడవ సంఖ్య ఎవరిది? 2007 మార్చిలో ఐదుగురిలో నలుగురు బయటపడిరి. ఐదవవారెవ్వరని దాదాపు రెండేండ్లు అభిమానులు తల బ్రద్దలు కొట్టుకొనిరి. 2009 జనవరిలో ఎలెన్ అని తేలినది. ఆ వెనుక ఏడవవాడు డేనియల్ అనియు, కళాకారుడనియు, అన్నయే వానిని రూపుమాపెననియు కథలో వచ్చినది. స్టార్‌బక్ తండ్రి సంగీతజ్ఞుడు. ఇంకేమి? డేనియలే ఆమె తండ్రి యని వందలమంది తేల్చిరి. అది తన ఉద్దేశము కాదని మూర్ స్వయముగా చెప్పవలసివచ్చెను!

మా మనుమడును ఆ మతమువాడే. నేను నవ్వలేదు. వారు చేసినది తర్కమే. నాటకమునకు ముఖసంధిలో బీజము నాటవలెను, నిర్వహణసంధిలో అది ఫలింపవలెనని మనము చదివితిమి. బీజమువలె కనబడినదాని నెల్ల ఏరికొని మొలకెత్తించుటయే ఆ అభిమానుల పని. పథకమున్నదని వ్రాసిననాడు అదేమో తమకే తెలియదని రచయితలు తరువాత ఒప్పుకొనిరి. ఇది లోపమే. గాలి ఎటు వీచిన అటు కథ నడపవచ్చును, అందు తప్పులేదు. కాని విత్తనము చల్లితినని చెప్పి వట్టి ఊకను చల్లరాదు.

2009 మార్చి 20వ తేదీని కథ ముగిసినది. నౌక మన భూమికే చేరెను. అదియు నేటికి 1,50,000 ఏండ్లకు పూర్వము. భవిష్యత్తు కథ యని ఊహించినవారందరు తెల్లబోయిరి. స్టార్‌బక్ అంతకుముందే మరణించి తిరిగి వచ్చినది. ఆమె ఏమిటో చెప్పకయే, పచ్చికబయలులో మాటాడుచు మాటాడుచునే మాయమైనది. దేవదూత యని కొందరు, రచయితకు దారి తెలియలేదని కొందరు. ఇప్పటికిని తెగలేదు. నన్నడిగిన, అన్నిటిని విప్పక ఆ ఒక్కదానిని విడుచుటయే బాగున్నది.

ఆ ముగింపునకు మూడు దినములముందు న్యూయార్కులో ఐక్యరాజ్యసమితివారు ఈ కథనుగూర్చి సభ చేసి, యుద్ధమును మానవహక్కులనుగూర్చి చర్చించిరి. శత్రువు ఆక్రమించిన నేలమీద మన పక్షమువారే తమ దేహములకు బాంబులు కట్టుకొని పోయిన ఘట్టము అందు కలదు. దానిని చూచి నేనా రాత్రి సరిగా నిద్రపోలేదు.

గాయత్రి మాట మరచితిననుకొందురేమో. ఋగ్వేదము మూడవ మండలములోనిది, ద్రష్ట విశ్వామిత్రుడు. ఆయన శకుంతలకు తండ్రి. ఈ సంగతి మనుమనికి చెప్పుచుండగా ఆ పడుచువాడు జ్ఞప్తికి వచ్చెను. ఇప్పుడు వానికి తల నెరసినది. మండలకేంద్రములో బట్టలకొట్టు పెట్టుకొని యున్నాడు. గత నెలలో పోయి, నాటకపు ప్రతి యున్నదా యని అడిగితిని. "ఎక్కడో అటకమీద ఉండాలి మాష్టారూ, వెతికిస్తాను" అనెను. ఇంకను పంపలేదు.