అడుగు పెట్టలేని అడవికి పటం ఎలా గీశారు?

దట్టమైన అడవిలో, నిట్టనిలువు కొండల మీద గొలుసు పరిచి దూరం కొలవడం కుదిరే పని కాదు. మరి ఉపగ్రహాలు లేని రోజుల్లో పటాలు ఎలా వచ్చాయి? త్రిభుజాలతో!

1802లో బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర చదును నేల మీద సుమారు 12 కిలోమీటర్ల గీతను ఉక్కు గొలుసుతో కొలిచాడు. అదే మొదటి భుజం. దాని రెండు చివరల నుంచీ దూరపు శిఖరాన్ని చూసి కోణాలు కొలిస్తే, మిగతా రెండు భుజాల పొడవు లెక్కలో తేలుతుంది. వాటి మీద మరో త్రిభుజం, ఆపైన ఇంకొకటి. తలెత్తి చూసే కోణం కొలిస్తే కొండ ఎత్తూ తెలుస్తుంది.

కోణాలు కొలిచే పెద్ద థియోడొలైట్ బరువు దాదాపు అర టన్ను! కూలీలే దాన్ని మోశారు. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరాలు బృందాన్ని పడగొట్టాయి. లాంబ్టన్ సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్ కోలుకోవడానికి 1820లో దక్షిణాఫ్రికా వెళ్లాడు. ఆ కూలీల పేర్లు మాత్రం ఏ పటం మీదా లేవు, అది అన్యాయమే.

ఆ త్రిభుజాలే హిమాలయాల దాకా సాగాయి. ఎవరెస్ట్ శిఖరాన్ని 160 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి చూసి, 29,002 అడుగులని 1856లో ప్రకటించారు. నేటి లెక్క 29,032. తేడా 30 అడుగులే.