వారానికి ఒక్కసారే వేసుకునే మందు

దేహరక్షణ వ్యవస్థ దారి తప్పి సొంత కీళ్ల పొరలపైనే దాడి చేసే రుమటాయిడ్ కీళ్లవాతానికి వైద్యులు నేటికీ సాధారణంగా మొదట రాసే మెథోట్రెక్సేట్, నిజానికి క్యాన్సర్ చికిత్సలో పుట్టి పెరిగిన మందు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1940లలో రూపొందించిన ఫోలిక్ ఆమ్ల విరోధుల, అంటే కణ విభజనకు అవసరమైన ఆ విటమిన్ పనిని అడ్డుకునే రసాయనాల, కుటుంబానికి చెందిన ఈ మందును కొన్ని క్యాన్సర్లలో గ్రాముల లెక్కన ఎక్కిస్తే, కీళ్లవాతంలో వారం మొత్తానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములే ఇస్తారు.

ఇంత స్వల్ప మోతాదులో అది ప్రధానంగా వాపును అణచే అడినోసిన్ అనే పదార్థాన్ని కణాల వెలుపల పెంచి పనిచేస్తుందన్నది బలమైన వివరణ. ఇదే కుటుంబానికి చెందిన అమినోప్టెరిన్ కీళ్లవాతంలో ఉపశమనమిస్తుందని 1951లోనే తెలిసినా, మెథోట్రెక్సేట్‌ను ఆ వ్యాధికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1988లో గాని ఆమోదించలేదు. పాత మందుకు కొత్త పనిని ఆమోదింపజేయడం అంత తేలిక కాదు మరి.

ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, దుష్ఫలితాలను తగ్గించడానికి ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా ఇస్తారు, రక్తకణాలను, కాలేయాన్ని పరీక్షలతో కనిపెట్టి ఉంటారు, గర్భిణులకు అసలు ఇవ్వరు. వారానికోసారి వేసుకోవలసిన దానిని పొరపాటున రోజూ మింగి ప్రాణాలు కోల్పోయినవారున్నారు గనుక, వారంలో వేసుకోవలసిన రోజు పేరును చీటీపై స్పష్టంగా రాయించుకోవడం తప్పనిసరి.