కింద వెచ్చగా ఉంది, పైన గడ్డకడుతోంది: అమెరికా ఇంట్లో హీటింగ్ జోన్ ఎందుకు పనిచేయదు?

మోతీనగర్‌లో కూర్చుని హీటర్ గురించి ఎపిసోడ్ ఏంటి అనుకుంటున్నారా? నాకూ అలానే అనిపించింది. కానీ మనలో ఎంతమందికి అక్కో, అన్నో న్యూజెర్సీలో లేరు చెప్పండి.

జనవరిలో ఒకరోజు పొద్దున ఎనిమిదిన్నరకి ఎడిసన్ నుంచి అక్క ఫోన్. అక్కడ రాత్రి పది. "ఒరేయ్, పైన హీట్ రావట్లేదురా, 58 చూపిస్తోంది." ఫారెన్‌హీట్‌లో 58 అంటే మనకి 14 డిగ్రీలు. పైగా మూడు వారాల పసిపాప. డెలివరీకి వెళ్లిన అమ్మ వెనకనుంచి, "గ్యాస్ పొయ్యి వెలిగిస్తే గది వేడెక్కుతుంది కదా" అంటోంది. వద్దు అని గట్టిగా అరిచాను. మూసిన ఇంట్లో పొయ్యి వెలిగించి పెడితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకోవచ్చు, దానికి వాసన కూడా ఉండదు. ముందు పాపని కిందకి తెచ్చేయమన్నాను. కింద వెచ్చగానే ఉంది.

అసలు క్లూ అదే. ఈ సిస్టమ్ మన అపార్ట్‌మెంట్ ఓవర్‌హెడ్ ట్యాంకులాంటిది. ట్యాంకు ఒకటే, ఫ్లోర్‌కో గేట్‌వాల్వ్. అక్కడ బేస్‌మెంట్‌లో బాయిలర్ ఒకటే. నీళ్లని సుమారు 180 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి కాచి, పంపుతో గోడల వెంబడి ఉండే బేస్‌బోర్డుల్లోకి తోస్తుంది. ఒక్కో జోన్‌కి ఒక థర్మోస్టాట్, ఒక మోటార్ వాల్వ్. థర్మోస్టాట్ "చలి" అనగానే 24 వోల్టులతో వాల్వ్ తెరుచుకుంటుంది. పూర్తిగా తెరుచుకున్నాక లోపలున్న చిన్న ఎండ్ స్విచ్ నొక్కుకుని, బాయిలర్‌కీ పంపుకీ "స్టార్ట్" అని చెబుతుంది. ఈ ఎండ్ స్విచ్‌ని గుర్తుపెట్టుకోండి, నేను బోల్తాపడింది అక్కడే.

కింద హీట్ వస్తోందంటే బాయిలర్, పంపు, గ్యాస్ అన్నీ ఓకే. తేడా పై జోన్‌లోనే. బావ పై థర్మోస్టాట్‌లో బ్యాటరీలు మార్చాడు, "హీట్ ఆన్" అని చూపిస్తోంది. బేస్‌మెంట్‌లో వాల్వ్ దాటాక పైకి వెళ్లే పైపు మాత్రం చల్లగా ఉంది. (పైపుని గట్టిగా పట్టుకోవద్దు, వేడిగా ఉంటే చేయి కాలుతుంది.)

వాల్వ్ పక్కన చేత్తో తెరిచే లివర్ ఉంటుంది. "బావా, కింద థర్మోస్టాట్ ఆపేసి, పై వాల్వ్ లివర్ తెరువు" అన్నాను. మన ప్రోగ్రామర్ బుద్ధి కదా, ఒక్కదాన్నే టెస్ట్ చేద్దామని. పావుగంటైనా వేడి లేదు. పైపులో గాలి పట్టేసిందని డిసైడైపోయాను. తప్పు. ఇలాంటి వాల్వ్‌ని చేత్తో తెరిస్తే ఎండ్ స్విచ్ నొక్కుకోదు. అంటే బాయిలర్‌కి ఎవరూ స్టార్ట్ చెప్పలేదు. నా టెస్టే తప్పు.

కింద థర్మోస్టాట్ మళ్లీ ఆన్ చేసి 72కి పెంచమన్నాను. ఈసారి కింది వాల్వ్ బాయిలర్‌ని లేపింది, వేడినీళ్లు తెరిచి ఉన్న పై వాల్వ్‌లోంచి కూడా వెళ్లాయి. ఇరవై నిమిషాల్లో పై బేస్‌బోర్డులు వెచ్చబడ్డాయి. గాలీ లేదు, అడ్డమూ లేదు. ఆ రాత్రికి లివర్ అలాగే వదిలేశాం.

మరి పాడైంది వాల్వా, థర్మోస్టాటా, వైరా? పొద్దున బావ బేస్‌మెంట్ మెట్ల దగ్గర ఎర్ర ప్లేటున్న స్విచ్ ఆపేసి, వైర్లకి ఫోటో తీసి, లివర్ వెనక్కి పెట్టి, రెండు వాల్వుల దగ్గర థర్మోస్టాట్ వైర్లని అటుదిటు మార్చాడు. స్విచ్ వేశాక, పై థర్మోస్టాట్‌తో కింది వాల్వ్ చక్కగా తెరుచుకుంది. కింది థర్మోస్టాట్ అడిగినా పై వాల్వ్ కదల్లేదు. అంటే దోషి పై వాల్వే. మల్టీమీటర్ ఉంటే ఇంత సర్కస్ అక్కర్లేదు. మోటార్ వైర్ల దగ్గర 24 వోల్టులు ఉండీ కదలకపోతే మోటార్ పోయినట్టే.

బాయిలర్ మంట, గ్యాస్ లైన్ జోలికి మాత్రం మేం వెళ్లలేదు, మీరూ వెళ్లకండి. మధ్యాహ్నం టెక్నీషియన్ వచ్చి, "ఏమైంది" అని అడిగితే బావ "పై జోన్ వాల్వ్ మోటార్" అన్నాడట. ఆ మోడల్‌లో నీళ్లు తీయకుండానే పైభాగం మార్చొచ్చు, అరగంటలో అయిపోయింది. వెళ్లేముందు వైర్లు అటుదిటు ఉన్నాయని కూడా ఆయనే చూసి సరిచేశాడు, బావ మర్చిపోయాడు.