ఆగిన డిగ్రీ చదువుకు మరో దారి: బహుళ విషయాల పట్టాకు క్రెడిట్లు, గడువులు, జాగ్రత్తలు

దర్శి: డిగ్రీలో చేరి, ఒకటి రెండు సంవత్సరాలు చదివిన తర్వాత కుటుంబ అవసరాల వల్ల కళాశాలకు దూరమైనవారు పశ్చిమ ప్రకాశం గ్రామాలలో తరచుగా కనిపిస్తారు. సాగర్ కుడి కాలువ నీటిపై ఆధారపడిన దర్శి పరిసరాలలోనైనా, పలకల పరిశ్రమకు పేరుపొందిన మార్కాపురంలోనైనా, నల్లమల అంచున ఉన్న గిద్దలూరులోనైనా వర్షాలు మొహం చాటేసిన ఏడాది కుటుంబం వలస బాట పడితే, దాని వెంట చదువు కూడా ఆగిపోతుంది. పెళ్లితో చదువు మానిన యువతుల పరిస్థితి కూడా ఇదే. ఇలాంటివారికి పట్టా ఒక అలంకారం కాదు. గ్రూప్-1, గ్రూప్-2 పరీక్షలకు, సబ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగానికి డిగ్రీ కనీస అర్హత. కానిస్టేబుల్‌గా చేరడానికి ఇంటర్మీడియట్ సరిపోతుంది గాని, ఆపై మెట్టుకు పోటీ పడాలంటే పట్టా తప్పనిసరి.

ఒకే సబ్జెక్టుకు కట్టుబడకుండా వివిధ విషయాలను కలిపి, తమ వీలును బట్టి చదివి పొందే బి.ఏ. పట్టా ఇటువంటివారికి అనువైనది. అయితే దీని నిబంధనలపై అపోహలు అనేకం ఉన్నాయి. వెసులుబాటు అంటే మినహాయింపు అని భావించి నష్టపోయేవారు ఒకవైపు, అసలు అవకాశమే లేదని భావించి ఊరుకునేవారు మరొకవైపు ఉన్నారు. రెండు అభిప్రాయాలూ సరికాదు.

బహుళ విషయాల పట్టా తెలుగు నేలకు కొత్త కాదు. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం అనే మూడు సబ్జెక్టులను సమానంగా చదివే హెచ్.ఇ.పి. గ్రూపు దశాబ్దాలుగా మన డిగ్రీ కళాశాలలకు సుపరిచితం. ఆ పేరు పెట్టకపోయినా అది బహుళ విషయాల చదువే. రాష్ట్రంలో 2023-24 విద్యా సంవత్సరం నుంచి ఒక మేజర్, ఒక మైనర్ విధానం ప్రవేశపెట్టడంతో రెగ్యులర్ కళాశాలల్లో ఆ మూడు సబ్జెక్టుల స్వరూపం మారింది. సార్వత్రిక విద్యలో మాత్రం అది మరో రూపంలో కొనసాగుతున్నది.

దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్‌లోనే ఏర్పాటైంది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైన ఆ సంస్థకు 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. తొలి ఉపకులపతి ఆచార్య జి. రామిరెడ్డి ఆ తర్వాత 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి (ఇగ్నో) కూడా తొలి ఉపకులపతి అయ్యారు. బడి ముఖం చూడని వ్యక్తి కూడా 18 సంవత్సరాలు నిండి, అర్హత పరీక్షలో ఉత్తీర్ణుడైతే డిగ్రీలో చేరవచ్చునన్న ఆలోచన, తెలుగు మాధ్యమంలోనే పాఠ్య పుస్తకాలు అందించడం అంబేద్కర్ విశ్వవిద్యాలయం ద్వారా పల్లెలకు చేరినవే. రాష్ట్ర విభజన అనంతరం పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసినందున, ఆంధ్రప్రదేశ్ అభ్యర్థులు పాత అనుభవాన్ని బట్టి గాక, చేరదలచిన సంవత్సరపు ప్రవేశ ప్రకటనను బట్టి మాత్రమే నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది.

క్రెడిట్ల లెక్క

పట్టా ఇప్పుడు సంవత్సరాలతో గాక క్రెడిట్లతో లెక్కించబడుతుంది. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యు.జి.సి.) 2022 డిసెంబరులో విడుదల చేసిన పాఠ్య ప్రణాళిక, క్రెడిట్ల చట్రం ప్రకారం మూడేళ్ల పట్టాకు 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్ పట్టాకు 160 క్రెడిట్లు సాధించాలి. మూడేళ్ల పట్టాలో మేజర్‌కు 60, మైనర్‌కు 24, ఇతర శాస్త్రాల పరిచయానికి 9, భాషా సామర్థ్యానికి 8, నైపుణ్య కోర్సులకు 9 క్రెడిట్లు కేటాయించారు. మిగిలినవి విలువల కోర్సులకు, వేసవి ఇంటర్న్‌షిప్‌కు చెందుతాయి. బహుళ విషయాల పట్టాలో మాత్రం మేజర్ క్రెడిట్లు ఒకే సబ్జెక్టుకు గాక సామాజిక శాస్త్రాలు, మానవీయ శాస్త్రాలు, జీవ శాస్త్రాలు, భౌతిక శాస్త్రాలు వంటి విస్తృత విభాగాల మధ్య పంచబడతాయి. నాలుగో సంవత్సరంలో పరిశోధనతో కూడిన ఆనర్స్ కోరేవారు మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు పొంది ఉండాలి.

ఇగ్నోలో ఈ మార్పు దశలవారీగా జరిగింది. మొదట్లో ఉన్న బి.డి.పి. పట్టాకు 96 క్రెడిట్లు సరిపోయేవి. 2019లో వచ్చిన బి.ఏ. జనరల్ (బి.ఏ.జి.) పట్టాకు 132 క్రెడిట్లు నిర్దేశించారు. అభ్యర్థి రెండు ప్రధాన విషయాలను ఎంచుకొని, వాటితోపాటు భాషలు, ఐచ్ఛికాలు, నైపుణ్య కోర్సులు చదవవలసి ఉంటుంది. కనీస వ్యవధి మూడేళ్లు, గరిష్ఠ వ్యవధి ఆరేళ్లు. ఆ తర్వాత యు.జి.సి. కొత్త చట్రానికి అనుగుణంగా బహుళ విషయాల బి.ఏ. (బి.ఏ.ఎం.) ప్రవేశపెట్టబడింది. బి.ఏ.జి.లో ప్రతి కోర్సుకు అసైన్‌మెంట్లకు 30 శాతం, సత్రాంత పరీక్షకు 70 శాతం ప్రాధాన్యం ఉంటుంది. రెండింటిలోనూ విడివిడిగా 35 శాతం మార్కులు రావాలి. పరీక్ష బాగా రాసి కూడా అసైన్‌మెంట్లు సమర్పించని కారణంగా పట్టా ఆగిపోవడం దూరవిద్యలో సాధారణంగా జరిగే పొరపాటు. పరీక్షలు జూన్, డిసెంబరు నెలల్లో జరుగుతాయి.

ఇగ్నో లెక్క ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 120 క్రెడిట్లకు 3,600 గంటలు అవుతుంది. మూడేళ్లలో ముగించాలంటే ఆదివారాలు, పండుగలు కలుపుకొని రోజుకు దాదాపు మూడు గంటల ఇరవై నిమిషాలు చదవాలి. అదే ఆరేళ్లకు విస్తరిస్తే రోజుకు గంటా నలభై నిమిషాలు చాలు. పగలంతా దుకాణంలోనో పొలంలోనో పనిచేసే వ్యక్తికి ఈ తేడాయే పట్టాకు, పట్టా లేకపోవడానికి మధ్య తేడా. చదువు తగ్గలేదు, గడువు మాత్రమే పెరిగింది. దీనిని సులభ డిగ్రీ అని పిలవడం సరికాదు.

మధ్యలో మానినవారికి వర్తించేది

యు.జి.సి. చట్రం ప్రకారం మొదటి సంవత్సరం 40 క్రెడిట్లు పూర్తి చేసి, వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి విద్యా కోర్సు కూడా చదివినవారికి సర్టిఫికెట్, రెండు సంవత్సరాలకు 80 క్రెడిట్లతో అదే విధంగా డిప్లొమా ఇస్తారు. అలా వెలుపలికి వచ్చినవారు మూడేళ్లలోపు తిరిగి చేరి, మొత్తం ఏడేళ్ల గరిష్ఠ గడువులో పట్టా పూర్తి చేయవచ్చును.

సాధించిన క్రెడిట్లను భద్రపరచేందుకు 2021 జూలైలో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఏర్పాటైంది. బ్యాంకు ఖాతాలో సొమ్ము వలె క్రెడిట్లు విద్యార్థి పేరిట జమ అవుతాయి. వాటి చెల్లుబాటు గరిష్ఠంగా ఏడేళ్లు. ఒకసారి ఒక పట్టాకు వినియోగించిన క్రెడిట్లను మరో పట్టాకు చూపడం కుదరదు. పట్టా ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించి ఉండాలి.

ఇక్కడ అధికారులు, విలేఖరులు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. 2021-22 విద్యా సంవత్సరం నుంచి నమోదైన కోర్సుల క్రెడిట్లకు మాత్రమే ఈ బదిలీ వర్తిస్తుంది. 2022లో డిగ్రీలో చేరి రెండో ఏట మానిన విద్యార్థికి క్రెడిట్లు ఖాతాలో ఉండే అవకాశం ఉన్నది. 2016లో చదువు ఆపిన వ్యక్తికి ఆ సౌకర్యం లేదు. అతడు కొత్త అభ్యర్థిగా చేరవలసిందే. పాత చదువంతా కలిసివస్తుందన్న ప్రచారం ఇటువంటివారిని నిరాశకు గురిచేస్తున్నది. ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం 2022లో ఏర్పడింది. అంతకు ముందు ఈ ప్రాంత కళాశాలలు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి గనుక, తమ మార్కుల రికార్డు ఏ విశ్వవిద్యాలయం వద్ద ఉన్నదో అభ్యర్థులు ముందుగా నిర్ధారించుకోవాలి.

ఇంటర్మీడియట్ లేనివారి సంగతి వేరు. ఇగ్నోలో బి.పి.పి. అనే సన్నాహక కోర్సు ద్వారా డిగ్రీలో చేరే మార్గం రూపొందించారు. అయితే బి.పి.పి. ఇగ్నో ప్రవేశానికి మాత్రమే అర్హత. దానిని ఇంటర్మీడియట్‌కు సమానంగా ఉద్యోగ నియామకాలలో పరిగణించరు. పది, ఇంటర్, డిగ్రీ వరుసలో చదివి ఉండాలని కోరే నోటిఫికేషన్లు ఉన్నందున, వీలైనవారు ముందుగా రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ఇంటర్మీడియట్ పూర్తి చేయడమే మేలు. ఒక ఏడాది ఆలస్యమైనా ఇది దీర్ఘకాలంలో లాభదాయకం.

సబ్జెక్టుల ఎంపికలోనూ అదే ముందుచూపు అవసరం. గ్రూప్-2 రాయదలచిన వ్యక్తి ఏ విషయాలను కలిపి చదివినా అభ్యంతరం లేదు. ఉపాధ్యాయ వృత్తిని ఆశించేవారికి మాత్రం స్వేచ్ఛ అంతగా లేదు. డి.ఎస్సీ.లో స్కూల్ అసిస్టెంట్ ఉద్యోగానికి బోధించే విషయానికి సంబంధించిన సబ్జెక్టులు డిగ్రీలో ఉండాలి. మనస్తత్వ శాస్త్రం, ప్రభుత్వ పాలన ఇష్టంగా చదివి పట్టా పొందిన తర్వాత తెలుగు పండిత ఉద్యోగానికి దరఖాస్తు చేయబోయి వెనుదిరగడం కన్నా, చేరే రోజునే పాత నోటిఫికేషన్ ఒకటి ముందు పెట్టుకొని సబ్జెక్టులు ఎంచుకోవడం ఉత్తమం. ఇగ్నో పాఠ్య సామగ్రి ప్రధానంగా ఇంగ్లీషు, హిందీ మాధ్యమాలలో ఉంటుందన్న విషయం కూడా తెలుగు మాధ్యమంలో చదివినవారు ముందే ఆలోచించుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్యకు వర్తించదు గనుక రుసుమును సొంతంగా భరించవలసి ఉంటుంది.

మోసపోకుండా

చిన్న పట్టణాల బస్టాండ్ల సమీపంలో ఒకే ఏడాదిలో డిగ్రీ, ఒకే సిట్టింగ్‌లో మూడేళ్ల పరీక్షలు అంటూ గోడ ప్రకటనలు కనిపించడం కొత్త కాదు. మూడేళ్ల పట్టాను ఒకే సిట్టింగ్‌లో ఇచ్చే అధికారం ఏ విశ్వవిద్యాలయానికీ లేదు. 2020 సెప్టెంబరులో వెలువడిన సార్వత్రిక, దూరవిద్యా నిబంధనల ప్రకారం అధ్యయన కేంద్రాలను ఫ్రాంచైజీగా ఇవ్వడం నిషిద్ధం. ఇతర రాష్ట్రాల రాష్ట్రస్థాయి, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తమ రాష్ట్ర సరిహద్దు దాటి దూరవిద్యా కేంద్రాలు నడపరాదు. కనుక ఏదో దూర రాష్ట్రపు విశ్వవిద్యాలయానికి ఇక్కడ కేంద్రం ఉన్నదని చెప్పి రుసుము వసూలు చేసేవారి విషయంలో అనుమానించడం తప్పు కాదు. గుర్తింపు పొందిన సంస్థ నుంచి దూరవిద్యలో పొందిన పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమని అవే నిబంధనలు చెబుతున్నాయి. గుర్తింపు సంస్థకు ఒకసారి ఇస్తే సరిపోదు. అది ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి ఉన్నదో లేదో యు.జి.సి. దూరవిద్యా విభాగం జాబితాలో చూసుకోవాలి.

2022 ఏప్రిల్ మార్గదర్శకాల ప్రకారం ఒకేసారి రెండు కోర్సులు చదవడానికి అనుమతి ఉన్నందున, రెగ్యులర్ కళాశాల విద్యార్థులు కూడా దూరవిద్యలో రెండో పట్టాకు చేరవచ్చును.

దూరవిద్యలో చేరదలచినవారు 2024-25 విద్యా సంవత్సరం నుంచి ముందుగా క్రెడిట్ బ్యాంక్ ఖాతా సంఖ్యను, దాని ఆధారంగా యు.జి.సి. డి.ఇ.బి. గుర్తింపు సంఖ్యను పొందవలసి ఉంటుంది. ఆధార్‌లోని పేరు, పుట్టిన తేదీ పదో తరగతి ధ్రువపత్రంతో సరిపోకపోతే ఇక్కడే ఇబ్బంది ఎదురవుతుంది. ఆధార్ సవరణకు సమయం పడుతుంది గనుక ప్రవేశాల గడువుకు ముందే ఆ పని ముగించుకోవాలి. ఇగ్నోలో ప్రవేశాలు ఏటా జనవరి, జూలై సెషన్లలో జరుగుతాయి. ప్రకాశం ప్రాంత అభ్యర్థులు విజయవాడలోని ఇగ్నో ప్రాంతీయ కేంద్రాన్ని సంప్రదించవచ్చును.