రోడ్డు మారితే రాత్రి నిద్ర దక్కుతుందా?

హైవే పక్కన ఇల్లు అద్దెకు తీసుకున్న కుటుంబానికి రాత్రంతా ఒకటే హోరు. ఇషా చదివి పడుకున్నా మధ్యలో మెలకువ వస్తుంది, ఫజర్‌కు లేవడం కష్టమవుతుంది. ఈ చప్పుడంతా ఇంజిన్లది, హారన్లదే అని చాలామంది అనుకుంటారు. కానీ కారు వేగం గంటకు సుమారు 40 కిలోమీటర్లు దాటితే ఇంజిన్ కంటే టైరు రోడ్డును రాసుకునే శబ్దమే ఎక్కువ.

టైరు గీతల మధ్య చిక్కిన గాలి గట్టి రోడ్డు మీద నొక్కుకుపోయి ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. అదే ఆ హోరుకు ఒక ముఖ్య కారణం. రోడ్డు పై పొరలో చిన్న రంధ్రాలు ఉంటే గాలి వాటిలోకి జారిపోతుంది, కొంత శబ్దాన్ని కూడా అవే పీల్చుకుంటాయి.

నెదర్లాండ్స్‌లో మోటార్‌వేలు దాదాపు అన్నీ ఇలాంటి తారుతోనే వేశారు. మామూలు తారు కంటే శబ్దం సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. వినడానికి చిన్న అంకె. కానీ శబ్దం పరంగా చూస్తే రోడ్డు మీద సగం బండ్లు తగ్గినట్టే. వాన నీరు కూడా త్వరగా ఇంకిపోతుంది.

మరి ఖర్చు? పొడవునా గోడలు కట్టడం చాలా ఖరీదు. అదే ఎలాగూ కొత్త పొర వేసేటప్పుడు ఈ రకం వేస్తే, అదనంగా పడే ఖర్చే లెక్కలోకి వస్తుంది. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో 2003లో పాత టైర్ల పొడి కలిపిన తారును ఫ్రీవేల మీద పరిచారు. చప్పుడు తగ్గింది, పాత టైర్లూ పనికొచ్చాయి. అయితే ఏళ్లు గడిచాక ఆ పొర పాడైంది. దాంతో చాలాచోట్ల దాన్ని తీసేసి, కింది కాంక్రీటునే వజ్రపు బ్లేడ్లతో నున్నగా కోయడం మొదలుపెట్టారు. అంటే మరమ్మతు ఖర్చు కూడా ముందే లెక్కేసుకోవాలి. రంధ్రాలున్న తారుకు ఆయుష్షు తక్కువ, దుమ్ము పడితే రంధ్రాలు మూసుకుపోతాయి.

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఏళ్ల తరబడి ట్రాఫిక్ హోరులో ఉంటే నిద్రే కాదు, గుండె కూడా దెబ్బతినే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మందుల ఖర్చు రోడ్డు టెండర్లో కనిపించదు, ఇంటి బడ్జెట్‌లో కనిపిస్తుంది.

అందుకే బండ్లు వేగంగా పోయే, పక్కనే ఇళ్లున్న రింగ్ రోడ్లు, బైపాస్‌ల మీద ఈ రోడ్లకు విలువ ఎక్కువ. బండ్లు నత్తనడక నడిచే బజారు గల్లీలో మాత్రం ఏ తారు వేసినా లాభం లేదు. అక్కడ హారన్ మీది నుంచి చెయ్యి తీయడమే పొరుగువారి హక్కును కాపాడటం.