తారుమారు ఆధారాలు: తెలుగు గడినుడిలో కదిలేది ఏది?

పదబంధ ప్రహేళిక, గళ్ళ నుడికట్టు, గడినుడి అని తెలుగులో పలు పేర్లతో వ్యవహరించే క్రీడకు మూలం 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ ప్రకటించిన ప్రహేళిక. అర్థాన్ని నేరుగా అడగక, ఒక పదాన్ని తారుమారు చేసి మరొక పదాన్ని రాబట్టమనే గూఢమైన ఆధారాలు తరువాత ఇంగ్లండులో వృద్ధి చెందాయి. ఈ పద్ధతిని తెలుగులో అనుసరించినపుడు ఎదురయ్యే తొలి ప్రశ్న: స్థానం మారవలసినది వర్ణమా, అక్షరమా?

తెలుగు గడిలో ఇమిడేది అక్షరం. గుణింతపు గుర్తు, ఒత్తు, సున్న తమ హల్లును అంటిపెట్టుకొని ఒకే గడిలో ఉంటాయి; కదిలినా కలిసే కదులుతాయి. ‘తిరగేసిన కలం రావణుని నివాసం (2)’ అన్న ఆధారానికి సమాధానం ‘లంక’. ‘లం’ సున్నతో సహా ముందుకు వచ్చింది. సున్నను వేరుగా లెక్కిస్తే ఈ ఆధారమే నిలవదు. ‘తల తిరిగిన తీగ (2)’ అంటే ‘లత’. తల తిరగడం అనగానే పాఠకునికి మైకం స్ఫురిస్తుంది. కూర్పరి తిప్పమన్నది ‘తల’ అనే మాటను.

సూచక క్రియల విషయంలో కచ్చితత్వం అవసరం. ‘తిరగేసిన పలక వడ్రంగి సరుకు (3)’ అంటే ‘కలప’. అక్షరాలన్నీ వరుసగా వెనక్కి నడిచాయి. ‘నవల’ నుండి ‘వలన’ రావాలంటే మాత్రం ‘చెదిరిన’ అనాలి; తిరగేస్తే వచ్చేది ‘లవన’. ‘తలకిందులైన’ అన్న మాట నిలువు ఆధారాలకే తగినది. అడ్డం ఆధారాలలో దానిని వాడేవారు లేకపోలేదు గాని, అది అంత న్యాయంగా తోచదు.

ఈ క్రీడ పరాయిదైనా అక్షరవిన్యాసం మనకు కొత్త కాదు. వ్యస్తాక్షరిలో పృచ్ఛకుడు వరుస తప్పించి ఇచ్చిన అక్షరాలను అవధాని ధారణలో నిలుపుకొని వాక్యంగా కూరుస్తాడు. బాణుని ‘కాదంబరి’లో శూద్రకుని వినోదాలలో అక్షరచ్యుతకంతో పాటు మాత్రాచ్యుతకం కూడా పేర్కొనబడింది. ‘నడుము కోల్పోయిన కమలం వ్రాతసాధనం (2)’ అన్నపుడు ‘కలం’ రావడం అక్షరచ్యుతకమే. మాత్రాచ్యుతకంలో అక్షరం నిలిచి ఉండగా గుర్తు మాత్రమే జారుతుంది. అంటే అక్షరాన్ని విడదీయరాదన్నది గడి విధించిన నియమమే తప్ప భాష విధించినది కాదు. ఆ నియమాన్ని దాటదలచిన కూర్పరి ఆ సంగతిని ఆధారంలోనే చెప్పాలి: ‘సున్న రాలిన కండ చివర (2)’ అంటే ‘కడ’.

అయితే కొన్ని పదాలు తిరగబడవు. అచ్చు సాధారణంగా పదాది స్థానంలోనే ఉంటుంది; ద్విత్వాక్షరంతో తెలుగు పదం మొదలుకాదు. కనుక ‘అమ్మ’ను తిరగేసే వీలు లేదు.

కంప్యూటరుకు ఈ అక్షరభావన తనంతట తెలియదు. యూనికోడ్‌లో ‘కలం’ అంటే క, ల, సున్న అనే మూడు సంకేతాలు. వాటిని యాంత్రికంగా తిరగేస్తే సున్న ముందుకు వచ్చి నిరాధారంగా నిలుస్తుంది, ‘లంక’ రాదు. అంతర్జాలంలో గడినుడిని నిర్వహించే ప్రోగ్రాము ముందుగా సంకేతాలను అక్షరాలుగా కూర్చుకొని, ఆ తరువాతనే గడులను లెక్కించవలసి ఉంటుంది.