ఒకే మాట, ఒకే చోట

దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ సంస్థల ప్రకటన ఫలకములు చూచుచు ఎల్బీ నగర్ వైపు పోవుచుండగా, యంత్రములకు వివరణ గ్రంథములు వ్రాయు నా పూర్వశిష్యుడొకడు కనబడి తన కష్టము చెప్పుకొన్నాడు. విద్యుత్తును నిలిపిన పిమ్మటనే మూత తీయవలెనను హెచ్చరిక అయిదు పుస్తకములలో ఉన్నదట. దానిని సవరించిననాడు నాలుగింట దిద్ది, అయిదవదానిని మరచిరి. ఆ మరపు ఒక కార్మికుని చేతిని కాల్చగలదు గదా!

దీనికి ఉపాయము డిటా. ఐ.బి.ఎం. రూపొందించిన ఈ పద్ధతిని 2005లో ఒయాసిస్ సంస్థ ప్రమాణముగా ఆమోదించినది. ఇందు గ్రంథము చిన్న అంశములుగా విడివడును: వస్తువేమిటో చెప్పునది ఒకటి, పని ఎట్లు చేయవలెనో చెప్పునది మరొకటి, వివరములు వెదకుకొనుటకు వేరొకటి. హెచ్చరికను ఒకచోటనే వ్రాసి, కావలసిన చోట్లకెల్ల రప్పింతురు. అచట దిద్దిన అన్నిట దిద్దినట్లే.

ఇది మనకు బొత్తిగా క్రొత్త గాదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున ద్రుతము, కళలు మొదలగు సంజ్ఞలను మొదటి పరిచ్ఛేదముననే నిర్వచించి, తక్కిన తొమ్మిదింట వాడుకొన్నాడు. భేదమొక్కటి గలదు. సూత్రమునకు స్థానమే ప్రాణము. వెనుకటి సూత్రమునుండి పదము అనువృత్తిగా వచ్చును. డిటా అంశమో, ఏ పుస్తకమున చేరునో తెలియదు గనుక, “పైన చెప్పినట్లు” అని అందు వ్రాయరాదు.

ధారగా వ్రాయుటకు అలవడిన చేతికి ఈ తుంపులు రుచింపవని నా శిష్యుని బాధ. వ్రాతసొగసు కొంత పోవును, నిజమే. కాని యంత్రము ముందు నిలుచున్నవానికి కావలసినది సొగసు కాదు, తప్పులేని మాట.